మాటల మధ్య వదిలిన గుడ్డ

వాన.

కిటికీ అద్దం మీద చినుకులు. ఒక్కొక్కటీ విడిగా వచ్చి వాలుతుంది. ఒక్క క్షణం నిలుస్తుంది... పక్కదాన్ని తాకుతుంది. రెండూ ఒకటై కిందికి జారిపోతాయి.

ఆమెకి అక్షరాలు కూడా అంతే.

కాగితం మీద చూపు పెట్టగానే కదులుతాయి. ముందుది వెనక్కి, వెనకది ముందుకి. పై వరుస కింది వరుసలోకి. పట్టుకోబోయేసరికి అన్నీ ఒకటై జారిపోతాయి.

గుడ్డ మాత్రం కదలదు.

గుడ్డ తాను విప్పి బల్ల మీద పరిస్తే చాలు, ఏది నిలువు పోగో ఏది అడ్డపోగో ఆమె వేళ్ళు చెబుతాయి. సుద్దతో గీత గీసిందంటే చెరపక్కర్లేదు. కుట్టుపని గదిలో అందరూ ఆమెను ‘కత్తెర’ అంటారు. ఆ పేరంటే ఆమెకు లోలోపల గర్వం.

బళ్ళో పెట్టిన పేరు ‘మొద్దు’. దాన్ని ఎప్పుడో కత్తిరించి పారేశాననుకుంది.

పారేయలేదు. అది అడుగున ఉంది... గుడ్డల మూటలో మర్చిపోయిన గుండుసూదిలా. చెయ్యి పెట్టినప్పుడల్లా గుచ్చుకుంటుంది.

ఆ గదిలో ఒక కట్టుబాటు ఉంది. పొద్దున్నే, గుడ్డ మీద కత్తెర పడకముందే, ఆ రోజు ఆర్డరు కాగితాన్ని బల్ల దగ్గర నిలబడి పైకి చదవాలి. మిషన్లు ఆగుతాయి. ఇస్త్రీ ఆయన పెట్టె పక్కన పెడతాడు. అందరూ వింటారు. కుట్టు తప్పితే విప్పుకోవచ్చు. కోత తప్పితే ఇక చేసేదేమీ లేదు.

చదివేది పిన్ని. కోసేది ఆమె.

ఏళ్ళ తరబడి అలాగే గడిచింది. సూది పట్టుకోవడం నేర్పిందీ పిన్నే, కాగితం చదివి పెట్టిందీ పిన్నే. చదవడం అయ్యాక అదే బల్ల చివర కూర్చుని గుండీలు పట్టే కాజాలు కుట్టుకునేది. ఎవరూ ఏమీ అనలేదు.

ఇప్పుడు పిన్ని కళ్ళకు పొర కమ్మింది.

కాజాలు వేళ్ళతో తడుముకుంటూ కుట్టేస్తోంది గానీ, కాగితం ముక్కు దగ్గర పెట్టుకున్నా మసకే. నెలాఖరుకి పని మానేస్తానంది. యజమాని పెద్దాయన ఆమెను పిలిచాడు. చదవగలిగినవాళ్ళకే ఆ కోత బల్ల అన్నాడు. లేదంటే కింద గదిలో గుండీలు కుట్టుకోవచ్చన్నాడు. మంచి మనిషి, మెల్లగానే చెప్పాడు. అయినా ఆమెకు తల కొట్టేసినట్టయింది.

గుండీలు. గుడ్డ తాను విప్పే చప్పుడు వినపడని గదిలో, గుండీ తర్వాత గుండీ.

గ్రంథాలయం పైగదిలో ఆదివారాలు ఒక టీచరు వస్తుందట. అక్షరాలు నిలవని పెద్దవాళ్ళకు ప్రత్యేకంగా నేర్పుతుందట. పిన్ని ఈ కబురు మోసుకొచ్చి చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. ఆమె నీళ్ళు నమిలింది. ఈ వయసులో చదువేంటంది. జనం నవ్వుతారంది.

“నవ్వేవాళ్ళొచ్చి నీ బదులు చదివి పెడతారా?” అంది పిన్ని.

వెళ్ళింది.

అక్కడ బెత్తం లేదు. ఇసుక పోసిన పళ్ళెం ఉంది. గరుకు కాగితంతో చేసిన అక్షరాలు ఉన్నాయి, కళ్ళు మూసుకుని తడమడానికి. అక్షరాలు కదలకుండా పేజీ మీద పరుచుకునే రంగురంగుల పలచటి ప్లాస్టిక్ రేకులున్నాయి. పక్క బల్ల దగ్గర ఒక తోటమాలి, ఎంత చెట్టునైనా పెకలించగల మనిషి, ఒక చిన్న మాటతో కుస్తీ పడుతున్నాడు.

తనలాంటివాళ్ళు ఇంకా ఉన్నారని ఆమెకు ఆ రోజే తెలిసింది. తిరిగి వచ్చేటప్పుడు బస్సెక్కలేదు. అంత సంతోషం పట్టుకుని సీట్లో కదలకుండా కూర్చోలేననిపించి, ఇంటిదాకా నడిచింది.

“మీ తెలివికేం లోటు లేదు,” అంది టీచరు, మరుసటి ఆదివారం. “అక్షరాలు మీ దగ్గరికొచ్చే దారి వేరు. ఆ దారి వెతుకుదాం.”

వెతికారు.

ఇసుకలో వేలితో గీస్తే అక్షరం నిలిచింది. సుద్దతో గీతలు గీసిన వేలు కదా, ఇట్టే పట్టుకుంది. అట్టముక్క మీద ఒంటరిగా ఉన్న మాట కూడా నిలిచింది. పేజీ తెరిస్తే మాత్రం... మళ్ళీ వాన. రంగు రేకు పరిచినా వానే, కాస్త నీలంగా.

టీచరు ఒక చిన్న పుస్తకం ఇచ్చి పంపింది. మొదటి పేజీ ఇంటి దగ్గర ప్రయత్నించమంది.

చూసింది. కదిలాయి. మళ్ళీ చూసింది. మళ్ళీ కదిలాయి. నెలాఖరు దగ్గర పడుతోంది. కోపం వచ్చింది, దుఃఖం వచ్చింది. రెండూ కలిసి వచ్చినప్పుడు చెయ్యి తనకు తెలిసిన పని చేసింది.

కత్తెర అందుకుంది.

బిగుతుగా కుట్టిన బట్టను ఏం చేస్తాం? విప్పుతాం. ముక్కలు విడదీస్తాం. చుట్టూ కుట్టుకు కాస్త గుడ్డ వదిలి మళ్ళీ పరుస్తాం. ఆమె పేజీని అలాగే విప్పింది. మాట తర్వాత మాట కత్తిరించింది. తెల్లటి నూలు గుడ్డ మీద ఒక్కొక్క మాటనీ గుండుసూదితో గుచ్చింది. మాటకీ మాటకీ మధ్య రెండు వేళ్ళ గుడ్డ వదిలింది.

చూసింది.

కదల్లేదు.

ఇంకోసారి చూసింది. ఎక్కడివక్కడే ఉన్నాయి. ఊపిరి బిగబట్టింది, వదిలితే ఎగిరిపోతాయేమోనని. అప్పుడు పక్కనే పడి ఉన్న పుస్తకం అట్ట కనిపించింది. దాని మీద గ్రంథాలయం ముద్ర.

కోసింది తన పుస్తకం కాదు.

ఆదివారం ఆ గుడ్డను మడిచి చంకలో పెట్టుకుని, తల దించుకుని వెళ్ళింది. చీవాట్లకు సిద్ధపడే వెళ్ళింది. టీచరు గుడ్డ విప్పి, మాటల మధ్య ఖాళీలో రెండు వేళ్ళు ఆనించి చూసింది. తర్వాత వేలు మొదటి మాట మీద పెట్టింది.

“చదవండి.”

“పడవ...” ఆమె గొంతు ఆమెకే కొత్తగా ఉంది. “పడవ... ఒడ్డు... చేరింది.”

పక్కన ఎవరూ గుసగుసగా చెప్పలేదు. మాట తనంతట తాను వచ్చింది. ఆమె ఏడ్చింది. టీచరు నవ్వింది. వెనక పేజీలో ఏముందో ఇక ఈ లోకంలో ఎవరికీ తెలీదంది. మాటల మధ్య ఇంత ఖాళీ ఉండాలని తాను కొలిచి చూడలేకపోయానంది. ఇకనుంచి కత్తెరతో పుస్తకాల జోలికి వెళ్ళొద్దు, ఇంత చోటు వదిలి నేనే అచ్చు వేయించి పెడతానంది. బయటి కాగితాలకు ఒక ఉపాయం చెప్పింది. గట్టి అట్టకు సన్నని సందు పెట్టుకుంటే, ఒక్కసారికి ఒక్క మాటే కనిపిస్తుందట.

ఆ సంగతి పిన్నికి చెబితే, పిన్ని అట్ట మాట కొట్టిపారేసింది. కాలర్లలో పెట్టే గట్టి బట్ట తీసుకుంది. మధ్యలో కోసింది. కనపడని కళ్ళతో, వేళ్ళతో తడుముకుంటూ అంచు చుట్టూ దారం వేసింది. ఒక్క పోగు కూడా పైకి లేవలేదు.

కాజా. ఏ గుండీకీ పట్టనంత పొడుగు కాజా.

పిన్ని పనిలో ఆఖరి రోజు. పొద్దున్నే వాన.

మిషన్లు ఆగాయి. ఇస్త్రీ పెట్టె పక్కకు జరిగింది. కాగితం బల్ల మీద ఉంది. ఆమె రవికలోంచి కాజా తీసింది. దాచలేదు. అందరి ముందూ కాగితం మీద పెట్టింది.

“కాగితం కూడా కోస్తావా ఏంటి కత్తెరా?” అన్నాడు ఇస్త్రీ ఆయన.

“ఆ ముచ్చటా తీరింది,” అంది.

అందరూ నవ్వారు. ఆమె చదవడం మొదలుపెట్టింది.

కాలరు. ఏటవాలుగా. జేబు ఒకటి... కాజా జరుగుతోంది. మాట వస్తోంది, వెళ్తోంది. మెల్లగా, చాలా మెల్లగా. ఎవరో దగ్గారు. పెద్దాయన కాలు మార్చి నిలబడ్డాడు. జేబు తర్వాతి మాట దగ్గర అక్షరాలు కదిలాయి. సందులోనే కదిలాయి.

మొద్దు... అంది లోపలి గుండుసూది.

ఆమె సుద్ద అందుకుంది. మొదటి అక్షరాన్ని బల్ల మీదే పెద్దగా గీసింది. ఇసుకలో గీసినట్టు. తన బల్ల మీద, తన సుద్దతో. అక్షరం నిలిచింది. మాట వచ్చింది.

“ఎడమవైపు.”

ఇక ఆగలేదు. చేతులు పొట్టివి. అంచు వెడల్పు. చివరిదాకా వచ్చింది. పిన్ని రోజూ ఆగిపోయే చోటు దాటింది. అక్కడ ఇంకొక వరుస ఉంది. ప్రతి కాగితం మీదా ఉండేదే. ఆమె ఎన్నడూ విననిది.

“కాగితం చదివిన మనిషే... గుడ్డ కోయాలి.”

కాజా కాగితం మీదే ఆగింది.

ఆమె పిన్ని వైపు చూసింది. పిన్ని తల వంచుకుని సూదిలో దారం ఎక్కిస్తోంది, ఎక్కకపోయినా. పెద్దాయన వైపు చూసింది. ఆయన కిటికీ చూస్తున్నాడు. ఇన్నేళ్ళూ అందరికీ తెలుసన్నమాట. ఆమె బల్ల పోకూడదని ఇన్నేళ్ళూ ఆ వరుసను ఆమె చెవిన పడనివ్వలేదు.

సిగ్గు రాలేదు. ఒళ్ళంతా సంతోషమే.

“ఇంకా చూస్తావేం,” అన్నాడు పెద్దాయన, గొంతు సవరించుకుని. “కొయ్యి.”

కోసింది. కత్తెర గుడ్డలోకి దిగింది. ఆ చప్పుడుకు మిషన్లు లేచాయి.

రేపటి కాగితం అప్పుడే వచ్చి బల్ల చివర పడింది, పిన్ని కూర్చునే చోట. ఇరుకు రాత. రెండు వైపులా రాశారు.

ఆమె తలెత్తింది.

కిటికీ అద్దం మీద చినుకులు. ఒక్కొక్కటీ విడిగా, మధ్యలో చోటు వదులుకుని నిలబడి ఉన్నాయి.

ఒకటి కదిలింది...

అద్దానికి ఇవతలి నుంచి, కదిలే అక్షరాన్ని ఆపినట్టు, ఆమె వేలు దాని ముందు ఆనించింది.