బ్యాటరీ పిన్ని

వేణ్ణీళ్ళలో కలిపిన వంట సోడా పడగానే బ్యాటరీ టెర్మినల్ మీద పేరుకున్న తెల్లటి పొక్కు బుసబుసా పొంగింది. పిన్ని ముఖం పక్కకు తిప్పుకుని, ఆ నురగ అణిగేదాకా ఆగి, పాత పళ్ళ బ్రష్షుతో చుట్టూ రుద్దింది. సీసం మెరుపు బయటపడ్డాక పొడిగుడ్డతో తుడిచి, వైరు బిగించి, చిటికెనవేలి కొసతో వాజలీను పూసింది. పసిపిల్ల పగిలిన పెదవికి పూసినంత తేలిగ్గా పూసింది.

"నీ పని అయింది. వచ్చే వారందాకా పేచీ పెట్టకు," అని కారుకు చెప్పి బానెట్ దించింది.

ఒకప్పుడు గోనెసంచుల గోదాముగా ఉన్న ఆ రేకుల షెడ్డులో ఇరవై రెండు పాత కార్లు గుడ్డ ముసుగులు కప్పుకుని ఉంటాయి. వాటి సొంతదారులందరూ కారు పిచ్చి ఉన్నవాళ్ళే. కొందరు ప్రతి ఆదివారం వచ్చి, ఉన్న మెరుపునే మళ్ళీ మెరిపించి పోతారు. కొందరు రోడ్డు పన్ను గడువు దగ్గరపడ్డప్పుడు, ఏడాదికోసారి కనబడతారు. ఎవరు వచ్చినా రాకపోయినా, ప్రతి కారు బ్యాటరీనీ వారానికోసారి చూసి, ఇంజను కాసేపు ఆడించడం ఆవిడ ఉద్యోగం. వాచ్‌మన్ మొదలుకుని సొంతదారుల దాకా అందరికీ ఆవిడ బ్యాటరీ పిన్నే.

అరవై రెండేళ్ళ మనిషి. పొడుగరి. ఇరవై ఒక్కేళ్ళుగా బానెట్ల కింద వంగి వంగి వీపు కొంచెం గూనిదేలింది; ఊరికే నిలబడి మాట్లాడుతున్నా ఎదుటిమనిషి లోపలికి తొంగిచూస్తున్నట్టే ఉంటుంది. కళ్ళజోడుకు కట్టిన తాడు మెడలో వేలాడుతుంది. కుడి బొటనవేలి గోరు యాసిడ్ తగిలి తగిలి పసుపు తిరిగింది. ఒంటిమీద నీలం కోటు. యాసిడ్ చుక్క పడిన చోటల్లా దానికి చిల్లు పడుతుంది. చిల్లు పడిన చోటల్లా వదిన ఒక చిన్న పువ్వు కుడుతుంది.

వదిన అంటే భర్త అక్కగారు. బస్సు కండక్టరుగా చేసిన భర్త పోయాక ఆడవాళ్ళిద్దరూ రెండు గదుల ఇంట్లో మిగిలారు. వీళ్ళు నెల తిరక్కుండా విడిపోతారని చుట్టాలు అనుకున్నారు. అప్పుడు మొదలైన పోట్లాట ఇంకా తేలలేదు కనక ఇద్దరిలో ఎవరూ ఇల్లు కదల్లేదు. ఆ రోజు పొద్దున్న కోటు అందిస్తూ వదిన, "ఇంక ఇది కోటు కాదే, తోట. దీనికీ నీళ్ళు పోసుకో," అంది.

"నీళ్ళు పోసే పని నాకేమన్నా కొత్తా?" అంటూ కోటు తొడుక్కుని పిన్ని బస్సెక్కింది.

నిజానికి ఆవిడ ఈ షెడ్డులోకి వచ్చింది ఊడవటానికి. వచ్చిన మూడో నెలలో ఒక కారు ఎంతకీ స్టార్ట్ కాలేదు. మెకానిక్కు బ్యాటరీ చచ్చిందన్నాడు. తుడుస్తూ తుడుస్తూ చూస్తే టెర్మినల్ నిండా తెల్లటి పొక్కు. ఇంట్లో గిన్నెకు పట్టిన మొండి మరకను వంట సోడాతో వదలగొట్టడం గుర్తొచ్చి, మర్నాడు పొట్లం కట్టుకుని తెచ్చింది. కారు ఒక్క తిప్పుకే స్టార్ట్ అయింది. మెకానిక్కు పడీపడీ నవ్వాడు గానీ మంచివాడు. గాజు గొట్టంతో యాసిడ్ పీల్చి లోపలి తేలుడుబుడ్డి ఎంత ఎత్తున తేలుతోందో చూసి బ్యాటరీ బలం కనుక్కోవడం, పలకలు మునిగేంతే డిస్టిల్డ్ వాటర్ పోయడం, విప్పేటప్పుడు ముందు నెగెటివ్ వైరే విప్పడం, అన్నీ ఓపిగ్గా నేర్పాడు. చీపురు వేరేవాళ్ళ చేతికి పోయింది. పిన్నికి నీలం కోటు వచ్చింది.

ఇన్నేళ్ళలో ఆవిడ స్టార్ట్ చేయని కారు ఆ షెడ్డులో లేదు. నడుస్తున్న కారులో మాత్రం ఎక్కింది లేదు. ఎవరూ వద్దనలేదు, ఎవరూ రమ్మనలేదు. పని ఇంజను ఆడించడం వరకే. ఆడించి, చెవొగ్గి విని, ఆపేసి దిగుతుంది.

పదింటికి మాస్టారు వచ్చాడు. డెబ్బై ఎనిమిదేళ్ళ రిటైరైన హెడ్మాస్టరు. ఇస్త్రీ చొక్కా, పక్కపాపిడి, చిన్న పొట్టి ఆకారం. మీగడ రంగు కారు ఆయనది. పదిహేనేళ్ళుగా ప్రతి మంగళవారం వచ్చి, పిన్ని గాజు గొట్టంలోకి చూస్తుంటే పక్కన నిలబడి తను కూడా చూసి, "పాసా, ఫెయిలా?" అని అడగడం అలవాటు. ఈవేళ అడగలేదు. కారు మడ్‌గార్డు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

"ఫస్టు క్లాసు మాస్టారూ," అంది పిన్ని, అడక్కపోయినా.

"పన్ను గడువు ఇవాళ్టితో అయిపోతుందమ్మా. ఈసారి కట్టను."

పిన్ని గొట్టం కిందపెట్టింది.

"కంటి డాక్టరు ఇంక నడపొద్దన్నాడు. ఇచ్చేద్దామనుకుంటున్నా. ఇద్దరు అడుగుతున్నారు. ఒకడు హోటలాయన. కొత్త హోటలు ముందర అద్దాల గదిలో పెడతాడట. ఇంజను, బ్యాటరీ తీసేసి లోపల రంగు దీపాలు పెడతాడు. రెండో మనిషి ఆ నర్సు. నువ్వు చూశావు కదా, మూడుసార్లు వచ్చింది."

"చూశాను. వానలో తడిస్తే స్టార్ట్ అవుతుందా అని అడిగింది."

"హోటలాయన ఎక్కువిస్తానంటున్నాడు. డబ్బుకోసం కాదమ్మా. అక్కడైతే దీనికి పన్ను లేదు, బీమా లేదు, టైర్లు అరగవు. రోజూ దుమ్ము తుడిచే మనిషుంటాడు. సుఖంగా ఉంటుంది. ఈ అమ్మాయేమో జీతం మీద బతికే పిల్ల. దీని తిండి ఎంత, ఆ పిల్ల జీతమెంత? రెండేళ్ళకి విసుగెత్తి ఎవడికో తూకానికి అమ్మేస్తే?"

"దీన్ని కొన్నప్పుడు మీ జీతమెంత మాస్టారూ?"

మాస్టారు గట్టిగా నవ్వాడు. "మా ఆవిడ ఆర్నెల్లు నాతో మాట్లాడలేదు," అన్నాడు.

పిన్ని బ్యాటరీ మీద మూతపెట్టి చేతులు తుడుచుకుంది. ఎవరి కారు విషయంలోనూ ఆవిడ ఇంతకు ముందు ఒక్క మాట ఎక్కువ మాట్లాడలేదు. "నేను వారం వారం దీన్ని ఇక్కడే నిలబెట్టి ఆడిస్తున్నా. నిలబెట్టి ఆడిస్తే స్టార్టింగుకి ఖర్చయిన కరెంటు కూడా తిరిగి నిండదు. దానికి కడుపు నిండేది రోడ్డు మీదే. బ్యాటరీ కూడా తీసేశాక..." చేతులు తుడుచుకున్న గుడ్డ భుజాన వేసుకుంది. "ఇవాళ్టిదాకా పన్ను ఉందిగా. నన్ను ఎక్కించుకుని ఒక్కసారి తిప్పండి. తర్వాత మీ ఇష్టం."

మాస్టారు ఆవిడ వైపు వింతగా చూశాడు. "ఏం, నువ్వు ఎప్పుడూ..."

"లేదు."

"పదిహేనేళ్ళుగా నేను ఏం వెలగబెడుతున్నానమ్మా ఇక్కడ?" అని తనను తానే కసురుకుంటూ ముసుగు పూర్తిగా లాగేశాడు.

వాచ్‌మన్ గేటు బార్లా తెరిచి, పెళ్ళివారిని పంపుతున్నట్టు పక్కకు నిలబడ్డాడు. కారు ఎండలోకి వచ్చింది. పిన్ని మొదట అద్దం దించింది. తర్వాత ఎక్కించింది. మళ్ళీ దించింది. కాళ్ళ కింద ఇంజను వణుకు ఆవిడకు తెలిసిందే. కానీ ఆ వణుకు ఇక్కడ ఒక చోట నిలబడలేదు, ముందుకు పోతోంది. రోజూ బస్సులోంచి చూసే మందుల షాపు, స్కూలు గోడ, చెప్పులు కుట్టే మనిషి గొడుగు, అన్నీ కొత్తగా, కిందికి దిగి పలకరిస్తున్నట్టు కనిపించాయి. మాస్టారు నాలుక కొస పళ్ళ మధ్య పెట్టుకుని, నత్తకు నడక నేర్పేంత నెమ్మదిగా నడిపాడు. పక్కనుంచి సైకిలు వాడొకడు దాటిపోయాడు.

నాలుగు రోడ్ల కూడలిలో కారు ఆగిపోయింది. క్లచ్చు తొందరగా వదిలేశాడు. వెనక హారన్లు. మాస్టారు చెవులు ఎర్రబడ్డాయి. గబుక్కున తాళం చెవి అందుకున్నాడు.

"తొందరేం లేదు. తిప్పండి," అంది పిన్ని.

తిప్పాడు. సగం తిప్పుకే ఇంజను అందుకుంది. ఇరవై ఒక్కేళ్ళ పనికి ఆవిడకు ఎవరూ సర్టిఫికెట్ ఇవ్వలేదు. ఆ సగం తిప్పును ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూ, ఎవరికీ కనబడకుండా నవ్వుతూ అందుకుంది.

పన్నుల ఆఫీసులో గంట నిలబడ్డారు. కిటికీ వెనక గుమాస్తా ఆవులింత మింగుతూ, "రోడ్డు మీద తిప్పుతారా, అలంకారానికా?" అని అడిగాడు. "తిప్పితే ఈ ఫారం, పన్ను. తిప్పకపోతే ఈ ఫారం. రోడ్డెక్కించనని సంతకం పెడితే చాలు, ఏమీ కట్టక్కర్లేదు."

మాస్టారు రెండు ఫారాలూ పట్టుకుని బల్ల దగ్గరికి వచ్చాడు. కళ్ళకు దగ్గరగా పెట్టుకుని రెండూ చదివాడు. ఆయన చదువుతున్నంతసేపూ పిన్ని గోడమీది గడియారం చూస్తూ కూర్చుంది. అనవలసింది ఇందాక అనేసింది.

"రోడ్డెక్కించను అని నా చేత్తో నేనెలా రాసేదమ్మా?" అన్నాడు చివరికి. రెండో ఫారం నాలుగు మడతలు పెట్టి జేబులో పడేశాడు. పన్ను కట్టి, రసీదు తీసుకుని, వరండాలోకి వెళ్ళి హోటలాయనకు ఫోను చేశాడు. అవతల ఆయన ఏమన్నాడో గానీ మాస్టారు మాత్రం, "లేదండీ, దానికి ఇంకా ఉద్యోగం ఉంది," అని పెట్టేసి, నర్సు నంబరు కలిపాడు.

నాలుగింటికి నర్సు డ్యూటీ దిగి, బట్టలైనా మార్చుకోకుండా షెడ్డుకు వచ్చింది. ఆరడుగుల పిల్ల. కళ్ళ కింద నిద్రలేని నలుపు, మొహం నిండా ఉత్సాహం. కాగితాల మీద సంతకాలు అయ్యాక పిన్ని ఆమెను బానెట్ దగ్గరికి పిలిచింది.

"ఇలా చూడు. నీళ్ళు పలకలు మునిగేంతే. ఎక్కువ పోస్తే పొంగి ఒలుకుతుంది, తక్కువైతే ఎండి చస్తుంది. కుళాయి నీళ్ళు పొరపాటున కూడా పొయ్యకు. విప్పేటప్పుడు నెగెటివ్ ముందు, బిగించేటప్పుడు ఆఖర్న. వారానికి ఒకసారి ఇరవై నిమిషాలు రోడ్డు మీద. ఐదు నిమిషాలు ఆడించి ఆపేస్తే నువ్వు దాని నోటిదగ్గర కూడు లాక్కున్నట్టే."

నర్సు పెన్ను తీసి అన్నీ ఎడమ చేతి వెనక రాసుకుంటోంది. చెయ్యి చాలక మణికట్టు మీదికి వెళ్ళింది. "ఈ బుడ్డి చూడటం పల్స్ చూసినట్టే ఉంది పిన్నీ."

"అంతే. కాకపోతే ఇది అబద్ధం చెప్పదు. మీ రోగుల్లా సిగరెట్టు మానేశానని నీతో అనదు."

నర్సు పకపకా నవ్వింది. "ఖర్చు బాగా అవుతుందా?" అని గొంతు తగ్గించి అడిగింది.

"అవుతుంది," అంది పిన్ని. "బ్యాటరీ నీళ్ళు నేనిస్తాలే. నెలకోసారి ఇటు తీసుకురా. దాని మొహం చూసినట్టూ ఉంటుంది."

నర్సు డ్రైవరు సీట్లో కూర్చోగానే తల పైకప్పుకు ఠంగుమని తగిలింది. "ఏంటిది, ఇంత ఎత్తుగా!" అంటూ కిందికి చెయ్యిపెట్టి గుడ్డలో చుట్టి ముడేసిన ఒక కట్టను బయటికి లాగింది. మాస్టారు గబగబా వచ్చి దాన్ని అందుకుని పనిముట్ల పెట్టె మీద పెట్టాడు. చెవులు మళ్ళీ ఎర్రబడ్డాయి.

"అవి... మా స్కూలు పాత హాజరుపట్టీలమ్మా. పారేస్తుంటే తెచ్చుకున్నా. రోడ్డు కనబడాలి కదా."

పిన్ని బానెట్ మూస్తున్నట్టు వంగి ముఖం దాచుకుంది. ఇంజను ఆడించడానికి ఎక్కినప్పుడల్లా ఆ కట్టను పక్కకు తీసి, దిగేటప్పుడు ఎలా ఉన్నదాన్ని అలాగే, ముడి ఏ వైపుంటే ఆ వైపుకే పెట్టేది ఆవిడ. పదిహేనేళ్ళలో ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదు.

కారు స్టార్ట్ అయింది. నర్సు చెయ్యి ఊపింది. రాతలతో నిండిన చెయ్యి. గేటు దాటి, మలుపు దగ్గర ఒక్కసారి ఎర్ర దీపం వెలిగించి, కారు వెళ్ళిపోయింది. ఇంజను చప్పుడు వినబడినంతసేపూ పిన్ని మెడ వంచి విన్నది. తేడా ఏమీ లేదు. బాగుంది.

"టైముకి బస్సుంది, వస్తానమ్మా," అన్నాడు మాస్టారు. నాలుగడుగులు వేశాక పిన్ని చూసింది.

"మాస్టారూ, మీ కట్ట!"

ఆయన వెనక్కి తిరగలేదు. చెయ్యి మాత్రం గాల్లో ఊపాడు. "ఉండనీ. మంగళవారం వస్తాగా, మిగతావాళ్ళు పాసో ఫెయిలో చూడొద్దూ? అప్పుడు తీసుకెళ్తాలే."

పిన్ని తర్వాతి కారు ముసుగు తొలగించి, గాజు గొట్టం చేతిలోకి తీసుకుంది. వెనక, ఖాళీ అయిన చోటి పక్కన, పనిముట్ల పెట్టె మీద ఆ గుడ్డ కట్ట ఉంది. మధ్యలో లోతుగా, ఎడమవైపు ఇంకొంచెం ఎక్కువగా నొక్కుకుపోయి, ఇప్పుడే ఎవరో లేచి వెళ్ళినట్టుగా ఉంది.