బావగారి కళ్ళజోడు

భుజం పైకెత్తి, చెవికి ఫోను అదిమిపెట్టుకుని, పొయ్యి మీద కూర కలుపుతోంది ఆవిడ. ఫోను చేసింది పరాయివాళ్ళెవరో కాదు, పక్కగదిలో ఉన్న మొగుడే. "నా చార్జర్ ఎక్కడ?" వంటింటి దాకా నడిస్తే కాళ్ళు అరిగిపోతాయి కాబోలు! చేతులు ఖాళీ లేవని ఒకసారి చెబితే, "చెవి ఖాళీయే కదా," అన్నాడు మహానుభావుడు. కళ్ళజోడు స్టీలు కాడ ఫోనుకీ కణతకీ మధ్య ఇరుక్కుని గుచ్చుకుంటోంది. అప్పుడే ఆవిడకి సందేహం పుట్టింది.

ఆవిడ ఇంజనీరు, ఫోన్లు పరీక్షించే ల్యాబ్‌లో. ఫోను నుంచి వచ్చే రేడియేషన్‌ని మనిషి తల ఎంత పీల్చుకుంటుందో కొలవడానికి అక్కడొక ప్లాస్టిక్ తల ఉంది, లోపల మెదడుకి బదులు చిక్కటి ద్రవం. దానికి బావగారని పేరు పెట్టింది. కదలడు, మెదలడు, కడిగి తుడిచే సేవలన్నీ చేయించుకుంటాడు. ఇన్నాళ్ళూ ఆయన్ని వట్టి తలతోనే పరీక్షించారు. మర్నాడు ఆవిడ తన కళ్ళజోడు తీసి ఆయనకి తగిలించింది. తల పీల్చుకునే రేడియేషన్ అంకె చటుక్కున పెరిగింది. కాడ కాస్త జరిపితే తగ్గింది. ఎన్నిసార్లు కొలిచినా అదే వరస.

సంగతంతా చెబితే ల్యాబ్ పెద్దసారు నవ్వాడు. "రూలు ప్రకారం వట్టి తల చాలమ్మా. వంటింటి గోల ఇక్కడికి తేకు. రేపు ఫోను కంపెనీ వాళ్ళొచ్చేసరికి ఆ కళ్ళజోడు తీసెయ్."

ఆవిడకి ఒళ్ళు మండిపోయింది. కళ్ళజోడు, చెవులకి కమ్మలు, చుట్టూ స్టీలు గిన్నెలు, ఎత్తిన భుజం... అలా మాట్లాడే తల తల కాదా? ఇంట్లో లెక్కలో లేదు, ఇక్కడా లేదు. ఇప్పుడు తీసేస్తే ఇంకెప్పుడూ నోరెత్తలేనని ఆవిడకి తెలుసు.

కంపెనీ వాళ్ళొచ్చారు. బావగారి ముఖాన కళ్ళజోడు అలాగే ఉంది. ఆవిడ తన పాత జోడు పెట్టుకొచ్చింది.

"తీసెయ్యమన్నానా లేదా?" పెద్దసారు పళ్ళు నూరాడు.

"తీస్తాను సార్. ముందు మీది తియ్యండి. ఇకమీదట జోడు తీసేసే ఫోను మాట్లాడతానని వీళ్ళకి చెప్పండి."

ఆయన చెయ్యి తన స్టీలు ఫ్రేము దాకా వెళ్ళి ఆగిపోయింది. వచ్చినవాళ్ళలో ఒకామె తన జోడు తడుముకుని, "ఆ అంకె మాకూ చూపించండి," అంది.

అంతలో ఆవిడ ఫోను మోగింది. మొగుడు. "నా నీలం చొక్కా ఎక్కడ పెట్టావ్?"

ఆవిడ ఫోను తీసుకెళ్ళి బావగారి చెవికి ఆనించింది. "ఈయన చెవి ఖాళీగానే ఉందండీ, ఈయనకి చెప్పుకోండి," అని కొలవడం మొదలుపెట్టింది.