కటకటాల వెనక కటకం

నేను ఒక సూక్ష్మదర్శినిని. మైక్రోస్కోపు అంటే తొందరగా అర్థమవుతుంది. ఉల్లిపొరలో గదులు చూపిస్తాను, నీటిచుక్కలో తిరునాళ్ళు చూపిస్తాను. చూపిస్తాను అన్నానా? పొరపాటు. చూపించగలను. చూపించనిస్తేగా!

పుట్టింది హర్యానాలో ఓ కార్ఖానాలో. నన్ను పెట్టెలో సర్దినాయన "పిల్లలు నిన్ను వదలరు" అని దీవించాడు. సగం ఫలించింది. నా దగ్గరికి పిల్లల్ని వదలరు!

శ్రీకాకుళం వైపు, సముద్రం గాలి తగిలే ఓ హైస్కూల్లో దిగాను. సైన్సు చెప్పే సన్యాసిరావు మాస్టారు నన్ను చూసి మురిసిపోయి, వెంటనే బీరువాలో పెట్టి తాళం వేశారు. నా లెన్సుకి ఆయన లైసెన్సు కావాలి. తాళంచెవి ఆయన మొలతాడుకి వేలాడేది. పేరుకే చెవి, నా మొర ఒక్కనాడూ వినలేదు. ఆయన చెడ్డవారేం కాదు. నన్ను కాపాడటమే సైన్సు చెప్పడం అనుకున్నారు, అంతే.

తనిఖీ రోజున మాత్రం నన్ను బయటికి తీసి, తుడిచి, ఎర్రగుడ్డ మీద నిలబెట్టేవారు. పిల్లలు వరసగా వచ్చేవాళ్ళు. "చేతులెనక్కి! ముట్టుకున్నారంటే ఊరుకోను!" అని మాస్టారి కేక. ఆ వరస నా ముందు నుంచి ఆగకుండా సాగిపోయేది. పెద్దాఫీసరు నన్ను చూసి "కొత్తదానిలా ఉంచారే!" అని మెచ్చుకునేవాడు. దర్శినిని కాస్తా ప్రదర్శినిని చేశారు మహానుభావులు!

ఓసారి ఎనిమిదో తరగతి నూకరత్నం సీసాతో నీళ్ళు పట్టుకొచ్చింది.

"మాస్టారండీ, మా నూతినీళ్ళల్లో ఏటో కదుల్తందండి. ఒక్కపాలి సూస్తానండి."

"ఇరిగిపోతే మీ అయ్యొచ్చి బాగు సేస్తాడేటి? పుస్తకంలో బొమ్మ ఉంది, ముందది గియ్యి."

గీసింది. పదికి పది వేశారు. ఆ తర్వాత ఆ పిల్ల ఏమీ అడగలేదు. బీరువా తలుపు అద్దంలోంచి చూస్తూనే ఉన్నాను. ముందు బెంచీ నుంచి చివరి బెంచీకి జరిగింది, తర్వాత కిటికీ వైపు తిరిగింది. అరవడానికి నాకు నోరేదీ?

ఆమె పదో తరగతికి వచ్చేసరికి మాస్టారు దండలు వేయించుకుని రిటైరయ్యారు. కొత్తగా వచ్చిన హైమావతి టీచరు బీరువా తెరిచి ముక్కు మూసుకుంది. సముద్రం గాలికి నా కటకం నిండా బూజు! వాడితే పాడవుతానని దాచారు, దాచి పాడుచేశారు. ఆమె స్పిరిట్ దూదితో ఓపిగ్గా తుడిచి, పూలకుండీ కింది పళ్ళెంలోంచి నీటిచుక్క తీసి గాజుపలక మీద వేసింది.

"ఎవరొస్తారు?"

క్లాసంతా లేచి నిలబడి, చేతులు వెనక్కి పెట్టుకుంది. ఇన్నేళ్ళలో అందరికీ ఒంటబట్టిన పాఠం ఇదొక్కటే. కంఠస్థం కాదు, హస్తగతం!

"నూకరత్నం, రా."

వచ్చింది, చేతులు వెనకే ఉన్నాయి. "మీరు తిప్పండి టీచరండీ, నాను సూస్తాను."

"నేను తిప్పితే నా కంటికి కుదురుతాది. నీ కంటికి నువ్వే తిప్పుకోవాల."

చెయ్యి మెల్లగా ముందుకొచ్చింది. నా పక్కనున్న మరను పట్టుకుని తిప్పింది. కిందికి తిప్పింది! నా కటకం తగిలి టప్‌మని గాజుపలక పగిలింది.

నూకరత్నం చెయ్యి మళ్ళీ వెనక్కి పోయింది. అయిపోయింది, మళ్ళీ బీరువానే అనుకున్నాను.

టీచరు ముక్కలు ఏరి పారేసి ఇంకో పలక పెట్టింది. "ఇందా. ఈపాలి పైకి తిప్పు."

తిప్పింది. కన్ను ఆనించి, చాలాసేపు తీయలేదు.

"టీచరండీ! ఇదేటండి, గిర్రున తిరుగుతంది? దీనికి కాళ్ళున్నాయేటండి?"

"నాకూ తెలీదే! జరుగు, నన్నూ సూడనీ."

అంతే! ఇంతే పని! ఆ చిన్నమాట అనడానికి ఇన్నేళ్ళు పట్టింది ఈ బడికి. ఈలోగా ఎంతమంది పిల్లలు చేతులు వెనక్కి పెట్టుకునే గేటు దాటిపోయారో! వాళ్ళు ఏమేం అడిగి ఉండేవాళ్ళో చూపించడం నా వల్ల కాదు. అంతటి మైక్రోస్కోపు ఇంకా ఎవరూ చెయ్యలేదు.