ఇర్మెలా ఆగిన చోటు

మా ఊరి పెద్ద చర్చి గురించి నేను చెప్పినన్ని అబద్ధాలు ఇంకెవరూ చెప్పి ఉండరు. ఏడువందల ఏళ్ల కిందట పునాది తవ్వుతుంటే డాన్యూబ్ నదిలోంచి ఎద్దుబండంత వాలుగ చేప లేచి మేస్త్రీతో కూలి బేరమాడిందని చెప్పాను. దక్షిణపు గోపురం మీద వాననీళ్లు కక్కే రాతికోతిది మా అత్తగారి ముఖమనీ, ఆవిడ పుట్టకముందే ఆవిణ్ణి బాగా ఎరిగినవాడెవడో చెక్కాడనీ చెప్పాను. చూడవచ్చినవాళ్లు అవన్నీ బుద్ధిగా రాసుకుని పోయేవారు. నలభై రెండేళ్లు ఆ చర్చి రాళ్లకొట్టంలో ఉలి పట్టాను. పెన్షన్ వచ్చాక కూడా పొద్దున్నే వెళ్లి అక్కడి బెంచీ మీద కూర్చుంటాను. వానకూ పొగకూ రాయి తరుగుతూనే ఉంటుంది. ఒక మూల బాగుచేసి వచ్చేసరికి ఇంకో మూల రాలుతుంది. అందుకే మా కొట్టానికి ఇన్నేళ్లుగా పని తప్పలేదు.

గుండోల్ఫ్ నాతోపాటు చెక్కినవాడు. వాడి కూతురు ఇర్మెలా కూడా ఆ కొట్టంలోనే, తండ్రి దగ్గరే పని నేర్చుకుంది. నన్ను చూడగానే, "ఓట్మార్ మామా, ఇవాళ్టి అబద్ధం ఏంటి? త్వరగా చెప్పు, నాకు పనుంది" అనేది. చెప్పాక, "నిన్నటిదే బాగుంది" అని పెదవి విరిచేది.

మా కొట్టంలో ఒక పద్ధతుంది. రాయిని మొదలుపెట్టినవాళ్లే ముగించాలి, వాళ్లకు వీలుకాకపోతేనే ఇంకొకరు. ముగించినవాళ్లు, పక్కరాయి కప్పేసే ముఖం మీద తమ గుర్తు చెక్కుకోవాలి. ఆ గుర్తును పని పూర్తిగా వచ్చినవాళ్లకు కొట్టమే ఇస్తుంది. చచ్చేదాకా మారదు. ఇంకొకరి గుర్తు చెక్కితే దొంగసంతకం పెట్టినట్టే. ఇర్మెలాకు ఆ వసంతంలోనే గుర్తు వచ్చింది: రెండు నిలువు గీతలు, పైన చిన్న కొక్కెం. చిన్న శిఖరం కొసన కూర్చునే ఆకుల గుత్తి ఆమె సొంతంగా మొదలుపెట్టిన మొదటి రాయి. ఎనిమిది ఆకుల్లో ఐదు పూర్తయ్యాయి. ఆరోది సగంలో ఉండగా, అక్టోబరులో ఒక పొద్దున సైకిల్ మీద పనికొస్తూ లారీ కింద పడింది.

పూడ్చిపెట్టి వచ్చాక సత్రంలో అందరం కాఫీ ముందు కూర్చున్నాం. గుండోల్ఫ్ కేకు ముక్కను చెంచాతో నలుపుతున్నాడు.

"నా పిల్ల గుర్తు ఆ చర్చి మీద ఎక్కడా ఉండదురా. నేను ముగిస్తే నా గుర్తు పడుతుంది. ముగించకపోతే ఆ రాయి పెరట్లో పడుంటుంది."

నాకు ఓదార్చడం రాదు. వచ్చింది ఒకటే.

"ఎందుకుండదు? ప్లేగు వచ్చిన ఏడాది ప్రాగ్ నుంచి వచ్చిన మేస్త్రీ ఒకడు సింహం తల సగం చెక్కి కన్నుమూశాడు. తోటివాళ్లు ఉలి తాకించకుండా, వాడి గుర్తు వేసి అలాగే పైకెక్కించారు. ఉత్తరం వైపు గోడ మీద ఎత్తున, రెండో వసారా కింద. ఒక పక్క జూలు, ఇంకో పక్క ఉత్త బండ."

"నువ్వు చూశావా?"

"ఈ కళ్లతో."

మర్నాడే వాడు కొట్టం పెద్ద తీసెన్ గారి దగ్గరికి వెళ్లి, ఆ రాయిని అలాగే ఇర్మెలా గుర్తుతో ఎక్కించమని అడిగాడు. ఆవిడ ఆలోచించి, "చూపించండి గుండోల్ఫ్ గారూ. మన పెద్దవాళ్లు ఒక్కసారి చేసుంటే చాలు, నేనూ చేస్తాను. సోమవారం ఆ రాయిని ఎక్కించడానికి క్రేన్ వస్తుంది. పరంజా విప్పాక ఇంక అక్కడికి ఎక్కలేం" అంది.

మంగళవారం నుంచి వాడు పరంజా ఎక్కడం మొదలుపెట్టాడు. అరిగిన మోకాళ్లతో, టార్చిలైటుతో, తడిబ్రష్షుతో ఒక్కొక్క రాయీ తుడిచి చూశాడు. మధ్యాహ్నం దిగొచ్చి, నా పక్కన కూర్చుని సాసేజి తిన్నాడు. కూతురు పోయాక వాడు ఆకలితో తినడం చూడటం అదే మొదలు.

"రెండో వసారా కింద లేదురా. మూడోదేమో?"

"మూడోదేమో" అన్నాను. నిజం నాలుక చివరిదాకా వచ్చింది. వాడు ఆవాల ముద్ద అద్దుకుని ఇంకో ముక్క నోట్లో పెట్టుకున్నాడు. నేను ఆవాల ముద్ద గిన్నె వాడి వైపు జరిపాను.

శుక్రవారం వాడు మెట్ల మీద రెండుసార్లు జారాడు. ఇంక ఉండబట్టలేక చెప్పేశాను.

"గుండోల్ఫ్, ఆ సింహం లేదు."

"పడమటి మూల ఇంకా చూళ్లేదుగా."

"ఎక్కడా లేదురా. నేనే అల్లాను. కాఫీ చల్లారేలోగా అల్లాను."

"ప్రాగ్ మేస్త్రీ?" అన్నాడు.

"లేడు."

"ప్లేగు?"

"అదొక్కటే నిజం."

వాడు తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "నాలుగు రోజులు, నా పిల్లకోసం నేను చెయ్యాల్సిన పని ఒకటుందనుకున్నాను" అని లేచి వెళ్లిపోయాడు.

నేనే వెళ్లి తీసెన్ గారిని బతిమాలాను. ఆవిడ కళ్లు తుడుచుకుంది కానీ, "ఈ పద్ధతి నాది కాదు ఓట్మార్ గారూ, నేనెలా మారుస్తాను?" అంది.

శనివారం గుండోల్ఫ్ ఇర్మెలా బల్ల ముందు కూర్చున్నాడు. ఆమె ఉలితోనే మిగిలిన ఆకులు చెక్కాడు. సోమవారం పొద్దున రాయిని ఒక పక్కకు వాల్చి తన గుర్తు వేసుకున్నాడు. నేను వంగి, "పక్కన చిన్న కొక్కెం పెట్టెయ్, ఎవరు చూస్తారు?" అని గొణిగాను.

"నా కూతురికి దొంగసంతకం ఎందుకురా?" అన్నాడు.

రాయిని నిలబెట్టి దుమ్ము ఊదాడు. చుట్టూ తిరిగి చూశాడు. మళ్లీ తిరిగాడు. వేళ్లతో తడిమాడు.

"ఆరో ఆకు ఏదిరా?"

నేనూ కళ్లద్దాలు పెట్టుకుని చూశాను. ఎనిమిదీ ఒకే వంపు. ఒకే ఉలి, వాడు నేర్పిన చెయ్యి, వాడి చెయ్యి. అతుకు తెలియకుండా చెక్కడమే మా పనిలో గొప్ప. నలభై ఏళ్లు అదే చేసినవాడు, అలవాటున అదే చేసేశాడు.

"ఎక్కడ ఆగిందో అదన్నా మిగుల్చుకోవాల్సింది" అన్నాడు.

ఏదో ఒక ఆకు చూపించి ఇదేనని చెప్పొచ్చు. నాకు నోరు రాలేదు.

క్రేన్ నడిపేవాడు ఈల వేశాడు. బెల్టులు బిగిశాయి. రాయి నేల వదిలింది. గుండోల్ఫ్ చెయ్యి తియ్యలేదు. మునివేళ్ల మీద లేచి, అందినంతవరకూ ఆకుల్ని ఒక్కొక్కటే తడుముతూనే ఉన్నాడు.