తప్పెట చెప్పని మూడు రోజులు

తిమ్మనకుంటలో రేడియో లేదని ఎవరూ అనడానికి వీల్లేదు. పంచాయితీ ఆఫీసు గోడకు బిగించిన పెట్టె ఒకటి ఉంది. దాని బ్యాటరీ అయిపోయి ఎనిమిది నెలలైంది, అంతే. కొత్తది కావాలని పెట్టిన అర్జీ ఏ బల్ల కింద నిద్రపోతోందో ఆ దేవుడికే ఎరుక. పేపరా, పామిడి దాటి ఇటు రాదు. పామిడికి ఏడు మైళ్ళు, మధ్యలో పెన్న ఇసుక. కాబట్టి ఆ ఊరికి లోకం సంగతి ఏది తెలియాలన్నా యేసన్న తప్పెట మోగాల్సిందే.

యేసన్న వెట్టివాడు. మునసబు చెప్పిన మాటను వీధివీధీ తిరిగి చాటడం అతని పని. అంతకుముందు అది అతని నాయన పని. యాభై దాటిన బక్కమనిషి, గొంతు మాత్రం కంచు. అక్షరం ముక్క రాదు గానీ ఒక్కసారి వింటే చాలు, శిస్తు గడువైనా టీకాల సంగతైనా పొల్లుపోకుండా చెప్పేవాడు. ఒక మాట కలపడు, ఒక మాట మింగడు. "నా తప్పెట ఇంతవరకూ అబద్ధం చెప్పల్యా" అని తాగినప్పుడు కాదు, తాగనప్పుడే అనేవాడు. మునసబు ఉత్తరువు లేకుండా దాని మీద పుల్ల వేసి ఎరగడు.

అరవై ఏడో సంవత్సరం డిసెంబరు నెల. మూడేళ్ళుగా వాన మొహం చూపించలేదు. కుంట ఎండి పర్రెలు వారింది. ఊరిబావిలో మిగిలింది ఉప్పునీళ్ళు, అవీ అడుగున. ఆ బావిలో చేద వేసే హక్కు ఊరవతల ఉండే అంటరాని గేరివాళ్ళకు లేదు. యేసన్న ఉండే ఆ గేరి ఆడవాళ్ళు బావికి దూరంగా కడవలు పెట్టుకుని నిలబడితే, ఊళ్ళోవాళ్ళెవరైనా దయతలచి పోసేవాళ్ళు. దయ ఎన్ని గంటలకు పుడుతుందో ఎవరు చెప్పగలరు!

అలాంటి రోజుల్లో ఒక తెల్లవారుజామున భూమి కదిలింది. గూట్లో చట్లు గలగలలాడాయి, కట్టేసిన ఎనుములు అరిచాయి, అంతలోనే సద్దుమణిగింది. ఎవరికీ ఏమీ కాలేదు. అయినా జనం గుండెల్లో అది కదులుతూనే ఉంది. రెండు రోజులకు కట్టెబొగ్గుల మూటలు వేసుకుపోవడానికొచ్చిన లారీ క్లీనరు ఒకడు, బీడీ వెలిగించుకుని తాపీగా నిప్పంటించాడు.

"బొంబాయి పక్క ఆటంబాంబు కార్ఖానా ఉండాదంటప్పా. భూకంపానికి అది పగిలిపోయిందంట. దాని ఇసమంతా ఆకాశానికెక్కి మోడాల్లో కలిసిపోయిందంట. ఇంగ వాన పడితే ఇసమే" అన్నాడు.

"నీకెవరు చెప్పినారు?" అని ఒక్కరన్నా అడిగుండకూడదా? అడగలేదు. లారీ పోయింది. ఆ సాయంత్రమే, మూడేళ్ళు ఏడిపించిన వాన, కాలం కాని కాలంలో కుండపోతగా పడింది.

లారీవాడి మాట ఇంకా గేరిదాకా రాలేదు. పొద్దున్నే గేరి గేరంతా కుంటకు పరిగెత్తింది. యేసన్న కూతురు అక్కమ్మ కూడా పోయింది. తొలికాన్పుకు పుట్టింటికి వచ్చిన పిల్ల. మగబిడ్డ పుట్టి నలభై రోజులు. మొగుడు తాడిపత్రి బండల గనిలో కూలి. ఉప్పునీళ్ళతో నాలుక మొద్దుబారిన పిల్లకు ఆ ఎర్రనీళ్ళు తేనెలా ఉన్నాయి. దోసిళ్ళతో తాగింది, మొహం కడుక్కుంది, నవ్వింది. "మా, కడుపు సల్లగయిందిమా" అని వాళ్ళమ్మ తిప్పమ్మతో అంది. ఇంటికొచ్చి బిడ్డకు పాలిచ్చి పడుకోబెట్టింది.

అప్పటికే మునసబు బయ్యన్న యేసన్నకు కబురు పంపాడు. బయ్యన్న చెడ్డవాడు కాదు. ఊళ్ళో ఒక్కడు చచ్చినా ఆ పాపం తన నెత్తిన పడుతుందని రాత్రంతా కూర్చుని వణికిన మనిషి. ఏం చెప్పాలో చెప్పాడు, యేసన్న మనసులో పెట్టుకున్నాడు. తప్పెటను మంట మీద కాచి బయలుదేరాడు.

"ఇందుమూలంగా యావన్మందికీ మునసబు ఉత్తరువు ఏమనగా! నిన్న పడిన వాననీళ్ళలో ఆటంబాంబు ఇసం కలిసుండాది! కుంటనీళ్ళు ఎవరూ తాగకూడదు! గొడ్డూగోదా తాగకూడదు! తాగిన గొడ్ల పాలు గూడా ఎవరూ తాగకూడదు! ఈ పొద్దే కట్ట తెగ్గొట్టబడును!"

ఊరంతా చాటి, కడపట గేరిలో చాటాడు. తన గడప ముందు నిలబడి కూడా అదే చాటాడు. తిప్పమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అక్కమ్మ కళ్ళు పెద్దవి చేసుకుని వింది. మధ్యాహ్నానికి మగవాళ్ళు పారలు పట్టుకుని పోయి కట్ట తెంపారు. కుంటనిండా నీళ్ళు! మూడేళ్ళు మొక్కితే వచ్చిన నీళ్ళు! వాగులో పడి ఇసుకలో ఇంకిపోతుంటే జనం ఒడ్డున నిలబడి ఊరికే చూశారు. కొందరు ఏడ్చారు కూడా.

సాయంత్రం బిడ్డ లేచి ఏడ్చాడు. అక్కమ్మ ఒళ్ళోకి తీసుకుంది గానీ రవిక ముడి విప్పలేదు.

"ఏమ్మే, బిడ్డ ఏడుస్తాంటే సూస్తాండావు? పాలియ్యి" అంది తిప్పమ్మ.

"నేను నీళ్ళు తాగినాను గదమా. గొడ్డుపాలే ఇసమైతే నా పాలు కావా?"

"ఓసి పిచ్చిదానా, గొడ్డూ నువ్వూ ఒకటేనా" అని తిప్పమ్మ గదమాయించింది, బతిమాలింది, చివరికి బిడ్డను బలవంతాన రొమ్ముకు ఆనించబోయింది. అక్కమ్మ బిడ్డను లాక్కుని గోడమూలకు పోయి కూర్చుంది. "నా చేత్తో నేను వానికి ఇసం పెట్టలేనుమా, నన్ను చంపినా పెట్టలేను" అంది. పెద్దలకు మెల్లగా ఎక్కే ఇసం పసికందుకు ఆగదని ఆమె భయం. అందరూ ఆ నీళ్ళు తాగినవాళ్ళే. గేరిలో పాలున్న తల్లి ఇంకొకతె లేదు. మేకలు కూడా కుంటలో మూతి పెట్టినవే.

బావినీళ్ళు అడుక్కుని తెచ్చి, రాగిగంజి తేట తీసి గుడ్డముక్కతో బిడ్డ నోట్లో పిండారు. ఉప్పునీళ్ళు, నలభై రోజుల కడుపు. మర్నాటికి విరేచనాలు పట్టుకున్నాయి. అక్కమ్మ గట్టుకు పోయి, పొంగివస్తున్న పాలను నేలకు పిండి వచ్చేది. పిండేటప్పుడు ఏడ్చేది.

మూడోనాడు యేసన్న మందు కోసం పామిడికి నడిచాడు. ఆస్పత్రిలో జయరాముడని కాంపౌండరు, నోరు దురుసు, మనసు మెత్తన. అంతా విని తల బాదుకున్నాడు.

"ఎవడప్పా మీకు చెప్పింది? రెండు దినాలుగా పేపర్లో పడుతూనే ఉండాది. భూకంపం యాడో కొండల్లో వచ్చింది. కార్ఖానాకు ఏమీ కాల్యా. వదంతులు నమ్మొద్దని రాసినారు. ఇదో, ఈ ముక్క." చదివి వినిపించాడు, రెండుసార్లు. "ఈ మందు పోయండి, మంచిదే. కానీ అసలు మందు తల్లిపాలు. పరిగెత్తు, పో."

యేసన్న ఆ పేపరు మడిచి రొంటిన దోపుకుని నిజంగానే పరిగెత్తాడు, ఆ వయసులో, ఆ ఇసుకలో. ఇంట్లోకి వస్తూనే అరిచాడు. "అబద్ధమంట తల్లీ! అంతా అబద్ధమంట! పాలియ్యి బిడ్డకు!"

అక్కమ్మ పేపరు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది. పాపం, తలకిందులుగా పట్టుకుంది.

"ఇది నాకు చదవను రాదు, నీకూ రాదు నాయనా. నిజమైతే తప్పెట కొట్టు. ఇసమని తప్పెట కొట్టి చెప్తివి, ఇసం కాదనీ కొట్టి చెప్పు. ఇప్పుడే ఇస్తా."

"కొడతా తల్లీ. మునసబును అడిగొస్తా, ఇప్పుడే కొడతా."

బయ్యన్న ఆ ముక్క అరుగు మీద కూర్చుని చదివాడు. చదివేకొద్దీ మొహం నల్లబడింది. కట్ట తెంపించింది తనే మరి. మడిచి పక్కన పెట్టాడు.

"పేపర్లు ఏమన్నా రాస్తాయిలే యేసన్నా. చైనావోడు మీదికొచ్చినప్పుడు మనమే గెలుస్తాండామని రాయల్యా? జనం బెదరకుండా ఇట్లనే రాస్తారు. రేపు నా మాటతో నీళ్ళు తాగి నలుగురు పోతే ఎవరు జవాబు చెప్పేది?"

"నా మనవడు అల్లాడతాండాడు సామీ. మీరు ఊ అంటే..."

"అది కాదప్పా. పొద్దున్నే గుత్తికి పోతా, తహసీల్దారు నోటితో ఇంటా. నేనొచ్చేదాకా తప్పెట మీద చెయ్యి వేయొద్దు."

ఆ మాట పట్టుకుని యేసన్న ఇంటికి వచ్చాడు. తిప్పమ్మ ఎదురొచ్చింది. విషయం విని కస్సుమంది. "అబద్ధానికి లారీ క్లీనరు నోరు సాల్యా? నిజానికి తహసీల్దారు కావల్లనా? నీకు చేతుల్లేవా? తప్పెట గోడకు లేదా?"

ఉంది. గోడకే ఉంది. మర్నాడు పొద్దున బయ్యన్న బండెక్కి గుత్తికి పోయాక, యేసన్న దాన్ని దించాడు. మంట వేశాడు. చర్మం కాగి బిగిసింది. వీధిలోకి వచ్చి నిలబడ్డాడు. పుల్ల ఎత్తాడు. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంది. "ఇందుమూలంగా యావన్మందికీ" అనాలి, ఆ తరువాత ఏమనాలి? ఎవరి ఉత్తరువు అనాలి? యేసన్న ఉత్తరువా? ఊరు నవ్వుతుంది. నవ్వితే నవ్వనీ, వెట్టి పీకేస్తే? ఆ వెట్టికి ఇచ్చిన రెండెకరాల చెలక పోతే? ఏదైనా తేడా వచ్చి నిజంగా ఎవరైనా చస్తే? భయపడ్డాడు. దాచడమెందుకు, భయపడే దించాడు చెయ్యి. లోపలికి పోయి తప్పెటను గోడకు తగిలించాడు.

అక్కమ్మ గుమ్మంలో కూర్చుని అంతా చూసింది. "సూసినావా మా" అంది మెల్లగా. "నాయనే కొట్టల్యా. నిజమైంటే కొట్టేటోడు గదా."

యేసన్న ఆమె కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. "నా మాట నమ్ము తల్లీ. నీ నాయన్ని, నేను చెప్తాండా. దేవుని మీద ప్రమాణం చేస్తాండా."

"నన్ను ఊరుకోబెట్టల్లని చెప్తాండావు నాయనా" అంది అక్కమ్మ. ఆ మాటలో కోపం లేదు. అదే అతని ప్రాణం తీసింది.

గుత్తిలో తహసీల్దారు క్యాంపు మీద ఎటో పోయాడట. బయ్యన్న ఒకరోజు కాచుకున్నాడు, రెండో రోజూ కాచుకున్నాడు. ఇక్కడ బిడ్డ ఏడుపు సన్నబడింది. మందు పోస్తే కక్కాడు. కళ్ళు లోపలికి పోయాయి, మాడు గుంటపడింది. గుడ్డముక్క నోట్లో పెట్టినా చప్పరించే ఓపిక లేదు. ఆ రెండో రోజు పొద్దు గుంకే వేళకు అక్కమ్మ మనసు విరిగింది. ఇసమో కాదో ఎవరికి తెలుసు, ఊరికే చావనిచ్చేకంటే అనుకుందో ఏమో, ఉన్నట్టుండి రవిక విప్పి బిడ్డను రొమ్ముకు అదుముకుంది. తిప్పమ్మ చేతులు జోడించింది. పాలు బిడ్డ పెదాల మీద పడ్డాయి, బుగ్గ మీదుగా కారాయి. బిడ్డ నోరు కదల్చలేదు.

తెల్లవారేసరికి పోయాడు. ఒళ్ళు పొత్తిగుడ్డలో చుట్టి, యేసన్న తన చేతుల మీదే మోసుకుపోయి, గుట్ట కింద చిన్న గుంత తీసి పూడ్చి వచ్చాడు. పాస్టరు లేడు, పాట లేదు. తిప్పమ్మ గుండెలు బాదుకుంది. అక్కమ్మ ఏడవలేదు.

మధ్యాహ్నం బయ్యన్న బండి ఊళ్ళోకి వచ్చింది. తహసీల్దారు నవ్వాడట, తిట్టాడట, వెంటనే దండోరా వేయించమన్నాడట. బిడ్డ సంగతి దారిలోనే ఎవరో చెప్పారు కాబోలు, బయ్యన్న యేసన్న మొహంలోకి చూడలేకపోయాడు. "వేరేవాళ్ళతో చెప్పిస్తాలేప్పా, నువ్వు ఇంటికి పో" అన్నాడు నేల చూస్తూ.

"వొద్దు సామీ. మొన్న చెప్పింది నేను. నేనే చెప్పల్ల" అన్నాడు యేసన్న.

చాటాడు. ఒక మాట కలపలేదు, ఒక మాట మింగలేదు. "ఇందుమూలంగా యావన్మందికీ మునసబు ఉత్తరువు ఏమనగా! వాననీళ్ళలో ఇసం లేదు! నీళ్ళు మంచివే! అందరూ తాగవచ్చును!" జనం గడపల్లోకి వచ్చి విన్నారు. ఏ నీళ్ళు తాగాలి? కుంటలో మిగిలింది బురద. కొందరు లారీ క్లీనర్ని తిట్టారు, కొందరు మునసబును తిట్టారు. యేసన్న దగ్గరికొచ్చేసరికి మాత్రం పక్కకు జరిగి దారి ఇచ్చారు.

గేరిలోకి వచ్చాడు. తన ఇంటిని తప్పించుకుని పోవచ్చు, ఎవరూ ఏమీ అనరు. కానీ గడప ముందే ఆగి, అంతా మొదటినుంచీ చాటాడు. అక్కమ్మ లేచి గుమ్మంలోకి వచ్చింది.

"ఇంగోసారి చెప్పు నాయనా" అంది.

యేసన్న తప్పెట కొట్టి మళ్ళీ చెప్పాడు. కళ్ళనీళ్ళు చర్మం మీద పడి మోత మందగించింది. అక్కమ్మ ఒక్కొక్క మాటకూ తల ఊపుతూ వింది. రవిక ముందుభాగమంతా తడిసి ఒంటికి అతుక్కుని ఉంది. దాని మీద చెయ్యి వేసుకుని, నాయన వైపు చూసింది.

"అట్లయితే ఇవి మంచిపాలే గదా నాయనా" అంది.