ఎడమచేతి కట్టె

పొయ్యి మీద ఎసరు పెట్టి, పక్కన చిన్న తపేలాలో తోలు పట్టీలు తడిపాను. లాల్‌దర్వాజాలో మేము అద్దెకుండే రెండు గదుల్లో వంటకూ ఆ పనికీ వేరే చోటు లేదు. మా అత్త చంద్రమ్మ గడప మీద కూర్చుని చింతపండు ఈనెలు తీస్తూ, "ఏ గిన్నెల చెయ్యి పెడుతున్నవో సూసుకో పిల్లా. నిన్న పప్పుల తోలు వాసనొచ్చింది" అంది. రాలేదు. వస్తే ఆమె రెండోసారి వేయించుకునేది కాదు.

మా ఆయన ఆగయ్య కంటోన్మెంటు వైపు ఒక గోల్ఫు మైదానంలో స్టోరు గది చూస్తాడు. సాబులు ఆడే కట్టెలు తుడవడం, అరిగినవి బాగుచేయడం ఆయన పని. పట్టుకునే చోట తోలు చెమటకు నల్లబడి ఊడిపోతుంది. కొందరు రబ్బరు పిడులకు మారారు, పాత ఆఫీసర్లకు మాత్రం తోలే కావాలి. అట్లాంటి కట్టెలను ఆయన గోనెసంచిలో చుట్టి సైకిలుకు కట్టుకుని ఇంటికి తెస్తాడు. చుట్టేది నేను. కట్టెను ఒడిలో అడ్డంగా పెట్టుకుని, బంక పూసి, తడి పట్టీని ఏటవాలుగా లాగుతూ, ఒక చుట్టు అంచు మీద ఇంకో చుట్టు అంచు గోరంత ఎక్కేలా తిప్పుకుంటూ పోవాలి. చివర మైనం దారంతో బిగించాలి. ఎక్కడైనా బొడిపె వచ్చిందంటే, అక్కడ పడాల్సిన వేలు పక్కన పడుతుంది. వేలు పక్కన పడితే బంతి ఇంకెక్కడో పడుతుంది.

ఇది నాకు ఆయనే నేర్పాడు, పెళ్ళయిన కొత్తలో. నా వెనక నిలబడి, నా చేతుల మీద తన చేతులు వేసి, కట్టె పట్టించాడు. "సాబులు దెబ్బ భుజంల ఉంటదనుకుంటరు. దెబ్బ చేతులల్ల ఉంటది. పై చెయ్యి జరంత కుడికి తిరిగిందనుకో, బంతి ఎడమకు వంగిపోతది. ఎడమకు తిరిగితే కుడికి పోతది. గట్టిగ పిసికినవా, మణికట్టు బిగుసుకపోయి బంతి లేవదు. మరీ ఒదిలినవా, కట్టె చేతులల్లనే గిర్రున తిరుగుతది" అన్నాడు. ఆయన ఊపిరి నా చెవి దగ్గర వెచ్చగా ఉంది. ఏదీ కావాలని అడగకుండా ఆయన నా చేతులు పట్టుకున్నది ఆ ఒక్క రోజే. ఆ తర్వాత ఆ చేతులు నీళ్ళ చెంబు కోసం, అంగీ కోసం, చీకట్లో తన అవసరం కోసం వచ్చాయి. ఇప్పుడు కూడా కొత్త కట్టె ఒడిలోకి తీసుకోగానే నా వీపు వెనక ఎవరో నిలబడినట్టు అనిపిస్తుంది. తిరిగి చూస్తే గోడ ఉంటుంది.

గట్టిగా, వదులుగా అన్న మాట నాకు ఆయన చెప్పినప్పుడు అర్థం కాలేదు. గాజుల ఖాతూన్‌బీ దగ్గర అర్థమైంది. ఆమె చార్మినారు పక్క నుంచి బుట్టతో మా గల్లీకి వచ్చేది. నా చేతిని తన చేతిలోకి తీసుకుని, బొటనవేలి కింది కండను మెత్తగా మడిచి, "హాథ్ ఢీలా ఛోడ్ బేటీ. నువ్వు బిగబడితే గాజు పలుగుతది, నీ చెయ్యి కోసుకుంటది" అనేది. నేను ఊపిరి వదిలేదాన్ని. అప్పుడు గాజు, ఎముకలు లేని దారిలోంచి వచ్చినట్టు, మణికట్టు మీదికి జారేది. చెయ్యి ఉంటుంది, కానీ ఎవరితోనూ కొట్లాడదు. అట్లా పట్టుకోవాలన్నమాట, అనుకున్నాను. చీపురునూ, రోకలినీ, నీళ్ళోడే దుప్పటినీ పట్టే పట్టు ఇక్కడ పనికిరాదు.

నేను ఆ మైదానాన్ని చూడలేదు. ఒకసారి తీసుకుపొమ్మంటే, "ఆడ మేమ్‌సాబులొస్తరు. నువ్వేం చేస్తవ్, గడ్డి కోస్తవా?" అన్నాడు. అత్త నవ్వింది. నేనూ నవ్వాను, ఆ నవ్వు చాలాసేపు నా మొహం మీదే ఉండిపోయింది, తీసి ఎక్కడ పెట్టాలో తెలియలేదు. అప్పటినుంచి మధ్యాహ్నాలు, అత్త కునుకు తీసినప్పుడు, కట్టె ఒడిలో పెట్టుకుని నేను మైదానాన్ని మా ఇంటికే రప్పించుకుంటాను. మొదట మురుగు మోరీ పక్కన ఒక పచ్చ గరిక మొలుస్తుంది. అది గల్లీ రాళ్ళ మధ్య నుంచి పాకి, కిరాణా కొట్టు మెట్లు ఎక్కి, మహంకాళి గుడి దాకా పోయి, అక్కడినుంచి మిద్దెల మీదికి లేస్తుంది. నగరమంతా మెత్తగా, చప్పుడు లేకుండా అయిపోతుంది. ఆ పచ్చదనం మీద తెల్లటి బంతి ఒకటి, పావురమంత నిదానంగా, పైకి పోతూ ఉంటుంది. గాలిలో ఉన్న బంతికి తనను కొట్టింది ఎవరో గుర్తుండదు.

అట్లాంటి మధ్యాహ్నమే ఆ తప్పు జరిగింది.

నాది ఎడమచేతి వాటం. బహదూర్‌పురాలో మా అమ్మ నా ఎడమచేతికి పాత చీర పేలిక చుట్టి, వేళ్ళు కదలకుండా ముడి వేసి బడికి పంపేది. అమ్మకు కోపం లేదు, భయం ఉండేది. "అత్తగారింట్ల ఎడమచేత్తోని వడ్డిస్తే నన్నంటరు బిడ్డా" అని ముడి వేస్తూ ఏడ్చేది. పలక మీద నా కుడిచేతి అక్షరాలు వర్షంలో తడిసిన కోళ్ళలా ముడుచుకుని ఉండేవి. మెల్లగా కుడిచెయ్యి నేర్చుకుంది. మెల్లగా నేనూ ఎక్కువ మాట్లాడకపోవడం నేర్చుకున్నాను. ఆ రెండూ ఒకేసారి ఎందుకు జరిగాయో నాకు కట్టెలు చుట్టడం మొదలుపెట్టాకే తోచింది. పట్టులో చెయ్యి గింజంత తిరిగితే, అక్కడ బంతి దారి తప్పుతుందని ఆయన అన్నాడు కదా. ఆ రోజు ముడిపడ్డ చిన్న చెయ్యి నన్ను ఎక్కడికి విసిరింది? ఇది నేను పడాల్సిన చోటేనా?

ఆ మధ్యాహ్నం వాన పడుతోంది. తోలే కావాలనే పాత ఆఫీసర్లలో ఒకరైన కప్తాన్‌సాబు కట్టె ఒడిలో ఉంది. పచ్చిక మిద్దెలెక్కింది. బంతి లేచింది. మెలకువ లాంటిది వచ్చేసరికి పని అయిపోయి ఉంది, మైనం దారం ముడి కూడా పడి ఉంది, చుట్టు అందంగా కుదిరింది. పట్టీ లాగింది ఎడమచెయ్యి అని నాకు తెలియలేదు. ఎడమచెయ్యి తన దిక్కులో చుట్టింది.

మూడోనాడు మా ఆయన సైకిలును గోడకు కొట్టినట్టు ఆనించి లోపలికి వచ్చాడు. చేతిలో ఆ కట్టె. తోలు అంచులు లేచి, ఎండిన ఉల్లిపొరలా విచ్చుకుని ఉంది.

"ఏం చేసినవే ఇది?"

"ఏమైంది?"

"ఉల్టా చుట్టినవ్. సాబు చెయ్యి మెలితిప్పిన కొద్ది బిగుసుకోవాలె పట్టీ. ఇది ఊడుకుంట వచ్చింది. కట్టె చేతుల తిరిగింది, బంతి పోయి చెట్లల్ల పడ్డది. అందరి ముందట నా మొహం మీద ఇసిరిండు. ఆగయ్యా, తాగి చుట్టినవా అన్నడు."

అత్త చేట కింద పెట్టింది. "ఎడమచెయ్యి పెట్టి ఉంటది. నేనప్పుడే చెప్పిన. ఆ చెయ్యి ఇంట్ల ఉన్నన్ని దినాలు గిట్లనే ఉంటది."

"తాడేసి కట్టాలె ఆ చేతికి" అన్నాడు ఆయన, నీళ్ళకోసం చేతులు చాపుతూ.

నేను చెంబుతో పోశాను. ఎండాకాలంలో ఇదే చోట ఆయన చేతులు కడుక్కుంటూ, కప్తాన్‌సాబు పదిమందిలో 'ఆగయ్య కా హాథ్ సోనా హై' అన్నాడని చెప్పాడు. అప్పుడూ నీళ్ళు పోసింది నేనే. బంగారమైనప్పుడు ఆయన చెయ్యి, ఊడిపోయినప్పుడు నా చెయ్యి.

తరువాతి వారం ఆయన ఇంకో కట్టె తెచ్చి నా ముందు పడేశాడు. ముఖంలో సరదా ఉంది.

"ఇగో, నీ చుట్టమొచ్చింది."

కట్టె అడుగున ఇనుప మొహం ఉంటుంది, బంతిని తాకేది. ఇన్నేళ్ళుగా నేను చూసిన మొహాలన్నీ ఒకే వైపు తిరిగి ఉన్నాయి. ఇది వాటికి ఎదురు వైపు తిరిగి ఉంది.

"ఎడమచేతి సాబు ఒకడుండె. బదిలీ అయి పోయిండు, ఇదొక్కటి ఇడిసిపోయిండు. ఎవనికీ పనికిరాదు, పారెయ్యమన్నరు. తోలు ఇప్పి పెట్టు. ఐతారం నాడు మొహం కోసేసి దోమతెరకు గుంజ చేస్త" అన్నాడు.

"మొహం ఎట్లనన్న ఇనుపసామానోడు కొంటడు" అంది అత్త.

మరునాడు ఆయన పనికి పోయాక తోలు విప్పడానికి కూర్చున్నాను. దారం తెంపి, పట్టీ కొస పట్టుకుని లాగాను. పట్టీ వస్తున్న తీరు చూసి నా చెయ్యి ఆగింది. ఇంకో చుట్టు విప్పాను. ఇంకోటి. మొదటి నుంచి చివరిదాకా, నేను వానలో చుట్టిన దిక్కులోనే చుట్టి ఉంది. ఎక్కడో, ఎవరో పని తెలిసిన మనిషి, కునుకులో కాకుండా, నిండు వెలుతురులో కావాలనే ఇట్లా చుట్టాడు. ఒక చెయ్యి కోసం ఇది సరైన చుట్టు. నా కళ్ళలోకి నీళ్ళు రావడం నాకు కొంచెం విచిత్రంగా తోచింది. కట్టెను చూసి ఏడ్చేవాళ్ళు ఉంటారా? పేలిక ముడి విప్పినప్పుడు వేళ్ళలోకి రక్తం వచ్చి జిల్లుమన్నట్టు ఉంది, అంతే.

తపేలాలో పట్టీ తడిపాను. అది ఆయన కప్తాన్‌సాబు కోసం దాచిన మెత్తటి తోలు. కట్టె మీద తోలు కింద ఉండే పాత గుడ్డ పొరను సగం తీసేశాను, నా వేళ్ళు చిన్నవి కాబట్టి. తరువాత ఎడమచేత్తో లాగాను, మెలకువగా, ఒక్కో చుట్టూ చూసుకుంటూ. అన్నం అడుగంటింది. అత్త ఏదో అంది.

పొద్దు వాలేవేళ మిద్దె ఎక్కాను. చాప మీద కుంకుడుకాయలు ఎండుతున్నాయి. ఒకటి తీసి పక్కన పెట్టాను. ఇన్నాళ్ళూ ఆయన చెప్పినదాన్ని అద్దంలో చూసినట్టు తిప్పుకుని, కుడిచెయ్యి పైన, ఎడమచెయ్యి కింద వేశాను. మొదటి దెబ్బ చాపకు తగిలింది. రెండోదానికి కుంకుడుకాయ పక్కకు గెంతి కింది మోరీలో పడింది. చూసుకుంటే రోకలిని పట్టినట్టు పిసికి పట్టుకున్నాను.

"పైన ఏం దంచుతున్నవే?" కింది నుంచి అత్త.

"కుంకుడుకాయలత్తా."

హాథ్ ఢీలా ఛోడ్ బేటీ. ఊపిరి వదిలాను. పై చేతి బొటనవేలిని గింజంత జరిపాను. వీపు వెనక ఎవరూ నిలబడినట్టు అనిపించలేదు. గోడ కూడా లేదు, ఉత్త గాలి. కట్టె దానంతటది వెనక్కి పోయి, దానంతటది వచ్చింది. టక్ మంది. కుంకుడుకాయ పిట్టగోడ మీదుగా, గల్లీ మీదుగా, పక్క మిద్దె పావురాల మీదుగా తిన్నగా పోయింది. పడిన చప్పుడు వినబడలేదు. నా మటుకు నాకు అది ఇంకా పోతూనే ఉంది.

ఆదివారం పొద్దున ఆయన ఇనుము కోసే ఆక్సా బ్లేడు పట్టుకుని, "ఏదే ఆ కట్టె? తోలు ఇప్పినవా?" అన్నాడు.

"ఇప్పిన. మళ్ల చుట్టిన."

"ఎవరికి?"

"నాకు."

ఆయన నవ్వాడు. నేను తలుపు మూల నుంచి కట్టె తీసి చేతుల్లో పట్టుకోవడం చూసి నవ్వు ఆపాడు. "యాడ ఆడుతవ్? లాల్‌దర్వాజల మైదానమున్నదా?"

"మిద్దె ఉన్నది గద."

"పాగల్ అయినవా? ఇటియ్యి." కింది కొస పట్టుకుని గుంజాడు. గుంజుతుంటే ఆయన చెయ్యి బిగుసుకుంటూ, వేళ్ళ కణుపులు తెల్లబడుతూ పోవడం నేను చూశాను. నా చేతులు ఊరికే ఉన్నాయి. ఆయన గుంజినకొద్దీ, మెలితిప్పినకొద్దీ నా పట్టీ నా అరచేతుల్లో బిగుసుకుంది. ఇంకోసారి గుంజి, నా చేతుల వైపు చూసి, ఆయనే వదిలాడు.

"సూడమ్మా నీ కోడలి లొల్లి" అన్నాడు తల్లితో. మళ్ళీ నాతో, "మరి సాబుల కట్టెలెవరు చుట్టాలె?"

"నేనే చుడుత. కుడి దిక్కుకే చుడుత. చుట్టింది రాజమణి అని ఆడ చెప్పు. చెప్పనంటే నువ్వే చుట్టుకో."

ఆయన బ్లేడు పళ్ళు చూసుకుంటూ కూర్చున్నాడు. చివరికి దాన్ని గోడ సందులో గుచ్చి, "అన్నం పెట్టు" అన్నాడు.

పీట వేశాను. కంచం పెట్టాను. గంటెను ఎడమచేత్తో తీసుకున్నాను. అత్త నా చెయ్యి చూసింది, కొడుకు మొహం చూసింది. ఆయన తల వంచి కంచం వైపే చూస్తున్నాడు. నేను ఊపిరి వదిలి, గంటెను వదులుగా పట్టుకుని వడ్డించాను.

ఒక్క మెతుకు కూడా కింద పడలేదు.