వైకుంఠరావుకి ఆర్నెల్లు

బరంపురం ఆసుపత్రిలో ఫ్యాను గరగరమంటోంది. పరిశోధన డాక్టరు వసుధ మాస్కు చాటునుంచి నర్సుతో అన్న మాట వైకుంఠరావు చెవిలో ఇలా దిగింది: "ఈయనకి ఆర్నెల్లే. ఎక్కువున్నాయో లేవో చూద్దాం."

పురుషోత్తంపూర్‌లో సైకిలు షాపాయన. గుండెపోటొచ్చి మూడ్రోజులైంది. పేరులోనే వైకుంఠం ఉన్నా, టిక్కెట్టు ఇంత తొందరగా కోస్తారనుకోలేదు. మర్నాడు స్టెంటు. సంతకం పెట్టమని కాగితం తెస్తే తోసేశాడు.

"ఆర్నెల్లకి రిపేరెందుకే సిట్టీ? తుక్కు సైకిలికి కొత్త ట్యూబేస్తానేటి నేను? ఇంటికెల్లిపోదాం."

పక్కనే ఉన్న భార్య చిట్టమ్మ పుట్టింటికి ఫోన్ చేసి ఏడ్చింది. మధ్యాహ్నానికి భంజనగర్ నుంచి ఆవిడ తమ్ముడు పైడన్న దిగాడు.

"బావా, ఆర్నెల్లంటే అధికమాసం కలిపేనా? అడగాల్సింది!"

"నోర్ముయ్యరా. పోయేది నీ బావ, నా బావ కాదు," అన్నాడు వైకుంఠరావు.

అంతలో వసుధ రక్తం తియ్యడానికొచ్చింది. వైకుంఠరావు చెయ్యి దుప్పట్లో దాచేశాడు.

"ఆర్నెల్లకి రక్తం కూడా ఎందుకు తల్లీ?"

"ఆర్నెల్లేంటి? ఎవరన్నారు?"

"నువ్వే గదమ్మా, పొద్దున్న నర్సమ్మతోటి!" అంది చిట్టమ్మ.

వసుధ మాస్కు కిందికి లాగి ఫక్కున నవ్వింది. "ఆర్నెల్లు కాదండీ, ఆరెన్నేలు! ఆర్, ఎన్, ఏ. కణాల్లో ఉంటాయి. ప్రొటీన్లు తయారుచెయ్యమని జన్యువులు కబుర్లు పంపుతాయి. నేను వెతికే బుల్లి రకం ఆరెన్నేలు సొంతంగా ఏ ప్రొటీనూ చెయ్యవు, ఆ కబుర్లని ఆపుతాయి. మీ సైకిలు బ్రేకు రబ్బరుందే, అది చక్రం తిప్పుతుందా?"

"తిప్పదు. పట్టేసినా బాదే, పట్టకపోయినా బాదే."

"అంతే! గుండె, రక్తనాళాలు దెబ్బతింటే వీటిలో కొన్ని రక్తంలో పెరుగుతాయి, కొన్ని తగ్గుతాయి. అవేవో తెలుసుకోడానికే మా పరిశోధన. మీకిష్టమైతేనే రక్తమివ్వండి. మీకు వైద్యం మాత్రం స్టెంటే."

"మరి నేనెన్నాళ్ళుంటాను?"

"అది ఆరెన్నేలు చెప్పవు. స్టెంటు వేయించుకుని, బీడీ మానేసి, మందులు మింగితే, ఆర్నెల్లు లెక్కపెట్టుకునే పని మీకెందుకు?"

వైకుంఠరావు భార్య వంక చూశాడు. "కాగితం ఇలా తే. పెన్నేదీ?"

చిట్టమ్మ కళ్ళు తుడుచుకుంటూనే నవ్వింది. చుట్టూ మంచాల మీది ఒడియావాళ్ళకి ఈ నవ్వెందుకో అంతుపట్టలేదు. ఆరు నెలలకి వాళ్ళు అనే "ఛఅ మాసొ"కీ ఆరెన్నేకీ చుట్టరికమే లేదాయె! పైడన్న వార్డు మధ్యన నిలబడి, తెలుగులో ఆరు మాసాల్ని ఆర్నెల్లంటారని ముందు ఒడియాలో పాఠం చెప్పి, తర్వాత బావగారి చెవి సంగతి మంచం మంచానికీ వివరించాడు.